పులుపు బానలో పొట్టేలు

త్వాన్ వాళ్ళ గట్టు అనే మా ఊళ్ళో తావ్‌యే అంత భయస్తురాలు ఇంకొకరు లేరని అందరూ నవ్వేవాళ్ళు. ఉరిమితే చెవులు మూసుకునేది. గాడిద తోక ఆడిస్తే పక్కకి గెంతేది. నది ఒడ్డు పల్లం నుంచి వచ్చిన పిల్ల. కాపురానికొచ్చిన కొత్తలో, గట్టు తొలిచి కట్టుకున్న మా ఇళ్ళు చూసి నన్ను పక్కకి పిలిచి అడిగింది.

"చెల్లీ, నెత్తి మీద ఇంత మన్ను పెట్టుకుని మీకు నిద్రెలా పడుతుంది?"

"మన్ను మనల్ని ఏం చేస్తుందక్కా? మీ అత్తని చూసుకో, చాలు" అన్నాను.

నేను ఆమెకి తోటికోడలి వరస. మా ఆయనా వాళ్ళాయన మాన్‌త్సాంగూ అన్నదమ్ముల పిల్లలు. గుహలాంటి మా ఇల్లూ వాళ్ళ ఇల్లూ ఒకే గట్టులో పక్కపక్కనే, వాకిలి కూడా ఒక్కటే. అందుకని ఆ ఇంట్లో ఏం జరిగినా నాకు వినబడేది. మరీ ముఖ్యంగా ఆమె అత్త దౌ గొంతు. ఆవిడ నోటికి ఊరు ఊరంతా జడిసేది. పిండి కలిపితే నీళ్ళెక్కువంటుంది, కాస్త గట్టిగా కలిపితే పళ్ళూడగొడతావా అంటుంది. అప్పటికే ఆవిడకి పళ్ళు లేవు.

ఒక చలికాలం మాన్‌త్సాంగ్ ఇంటి వెనక గోడ తవ్వాడు, గింజలు పోసుకోవడానికి ఇంకాస్త చోటు కావాలని. గునపం ఠంగుమంది. రాయేమో అని చుట్టూ మన్ను తీస్తే ముందు ఒక చెవి కనబడింది, తర్వాత మెలి తిరిగిన కొమ్ము. సాయంత్రానికి మొత్తం బయటపడింది. కంచు పొట్టేలు. ముందుకాళ్ళు మడిచి కూర్చుని, తల వెనక్కి తిప్పి ఎవరో పిలిస్తే చూస్తున్నట్టు ఉంది. వీపు మీద చిన్న మూత, లోపల డొల్ల. ఒళ్ళంతా చుట్లు చుట్లుగా గీతలు, పచ్చటి చిలుము. ఏడాది పిల్లాడంత బరువుంది.

"పాత సామాన్ల వాడికి వేసేస్తాను" అన్నాడు మాన్‌త్సాంగ్.

"వేస్తే నీ చేతులు పడిపోతాయి! మనింటి గోడలోంచి తనంత తాను వచ్చింది. ఇలాంటిదాన్ని బయటికి పంపితే ఇంకేమైనా మిగులుతుందా ఇంట్లో?" అంది దౌ అత్త.

ఆ మాటతో పొట్టేలు ఇంట్లోనే ఉండిపోయింది. ఇంట్లోవాళ్ళు పడుకునే ఇటుకల అరుగు మూల దాన్ని పెట్టి, కొత్త సంవత్సరానికి దాని ముందు ఆవిరి రొట్టె ఒకటి పెట్టి దణ్ణం పెట్టేది ముసలావిడ. తావ్‌యే మాత్రం దానికి వీపు చూపించి పడుకునేది కాదు. "అది తల తిప్పి నన్నే చూస్తోంది చెల్లీ" అనేది. నేను నవ్వేదాన్ని.

తర్వాత రెండేళ్ళకి, అరవై ఆరులో, నవ్వడాలు పోయాయి.

వేసవి చివర్లో పట్నం బడిపిల్లలు చేతులకి ఎర్రగుడ్డలు కట్టుకుని ఊళ్ళ మీద పడ్డారు. పాతదంటూ ఏదీ మిగలకూడదని పైనుంచి ఆజ్ఞట. పక్క ఊళ్ళో గుడి కూల్చారు. తాతల పేర్లు చెక్కిన పలక దాచాడని ఒక ముసలాయనకి కాగితం టోపీ పెట్టి, మెళ్ళో నేరం రాసిన అట్ట వేలాడదీసి, సంత రోజున ఊరంతా తిప్పారు. ఆయన మర్నాడు బావిలో దూకాడు. ఆ కబురు మా ఊరికి వచ్చిన పొద్దున నేనూ తావ్‌యే మొక్కజొన్న కండెలు విరుస్తున్నాం. ఆమె చేతిలో కండె అలాగే ఉండిపోయింది.

"పలకకే అంత చేస్తే..." అని ఆగిపోయింది.

నేను అటూ ఇటూ చూసి "నోరు మూసుకో అక్కా" అన్నాను.

మాన్‌త్సాంగ్ ఊళ్ళో లేడు, ఆనకట్ట పనికి వెళ్ళాడు. ఇంట్లో ముసలావిడ, తావ్‌యే, నాలుగేళ్ళ కూతురు, అంతే. పొట్టేలిని బావిలో పడేద్దామంటే ఊరంతా నీళ్ళు తోడేది అక్కడే. పాతిపెడదామంటే, వచ్చేవాళ్ళు ఇనుప చువ్వలు తెచ్చి నేలంతా గుచ్చి చూస్తున్నారని విన్నాం. పైగా అత్త ఒప్పుకోవాలి కదా! "నా ప్రాణం పోయాక పడెయ్యి దాన్ని" అని కూర్చుంది.

రెండు రోజుల తర్వాత మిట్టమధ్యాహ్నం, అందరూ చేలో ఉన్నప్పుడు, కుక్కలు మొరిగాయి. గట్టు కింద దారిలో ఎర్రజెండా కనబడింది. నేను పరిగెత్తి వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళేసరికి తావ్‌యే పొట్టేలిని రెండు చేతులతో పొట్టకి ఆనించుకుని గది మధ్యలో గిరగిర తిరుగుతోంది. ఎక్కడ పెట్టాలో తోచడం లేదు.

గుమ్మం పక్కన పులుపు బాన ఉంది. మా వైపు అందరిళ్ళల్లోనూ ఉంటుంది, నడుమెత్తు మట్టి బాన. ఆకుకూరలు ఉడికించి అందులో వేస్తే పులుస్తాయి. ఆ పులుపు నీళ్ళు సేమ్యా మీద పోసుకుంటే ఏడాది పొడుగునా వేరే కూర అక్కర్లేదు. తావ్‌యే దాని మూత కాలితో తన్నేసింది. పొట్టేలిని అందులో దింపి ఆకుల కిందికి అదిమింది. మోచేతుల దాకా పులుపు కారుతోంది. ఆ కంగారులో ఇనుప గరిటె కూడా లోపల పడిపోయింది, అలాగే మూత పెట్టేసింది.

వాళ్ళు పదిమంది దాకా వచ్చారు, పదహారు పదిహేడేళ్ళ పిల్లలు. తలుపు చెక్కడాలు గొడ్డలితో కొట్టేశారు. పెట్టెలు బోర్లించారు. దౌ అత్త పెళ్ళినాటి కుట్టుపని చెప్పులు పొయ్యిలో పడేశారు. ఆవిడ అరుగు మీద కూర్చుని ఒక్క మాట అనలేదు. ఆవిడ అలా నోరు మూసుకుని ఉండగా చూడటం నాకదే మొదలు. అది చూసి నాకు ఇంకా భయమేసింది.

రెండు జడల పిల్ల ఒకతె బాన మూత ఎత్తింది. ముక్కు మూసుకుంది. మూలనున్న కర్ర తీసుకుని లోపల కలిపింది. కర్ర దేనికో తగిలి ఠక్కుమంది.

"ఏముంది ఇందులో?"

తావ్‌యే తడి చేతులు బట్టలకి తుడుచుకుంది. 

"రాయమ్మా. ఆకు పైకి తేలకుండా పెడతాం" అంది.

"ఛీ, ఏం కంపు!" అని ఆ పిల్ల కర్ర అక్కడే పడేసింది. వెళ్తూ వెళ్తూ "మళ్ళీ వస్తాం, దాచిందేదైనా ఉంటే ఈలోగా బయటపెట్టండి" అని అరిచింది.

ఆ 'మళ్ళీ' అన్న మాటే మా మెడ మీద కత్తిలా ఉండిపోయింది. వాళ్ళు మా ఊరి బడిలోనే మకాం పెట్టారు. ఏ పూట ఏ ఇంటికి వస్తారో తెలీదు. పొట్టేలిని బయటికి తీసే ధైర్యం ఎవరికుంది? బాన నిండా ఉన్న కూర పారబోస్తే, ఎందుకు పారబోశావని అడగరా? అందుకని అది అందులోనే ఉంది, ఇంట్లోవాళ్ళు అందులోంచే తిన్నారు. తావ్‌యేకి భయంతో ముద్ద దిగేది కాదు, గుక్కెడు గంజి తాగి లేచేది. చిన్నదానికి పులుపు పడదు. పళ్ళు లేని ముసలావిడే మూడు పూటలా ఆ పులుపు నీళ్ళతో సేమ్యా జుర్రుకునేది.

కూర రంగు మారింది. పులిసిన ఆకు పసుప్పచ్చగా ఉండాలి కదా, ఇది చేలోంచి అప్పుడే కోసినట్టు పచ్చగా మెరుస్తోంది. "చూశావా ఎంత బాగా కుదిరిందో, మొదటిసారి ఒక పని సరిగ్గా చేశావు" అని కోడలిని మెచ్చుకుంది కూడా అత్త.

తర్వాత ఆవిడకి వాంతులు మొదలయ్యాయి. కడుపు పట్టుకుని మెలికలు తిరిగేది. నోట్లో ఇనుము నమిలినట్టుందనేది. ఏం తిన్నా నిలవడం లేదు, ఆ పులుపు నీళ్ళొక్కటే కావాలనేది. తావ్‌యే ఇంకాస్త పోసేది.

"దాన్ని పులుపులో ముంచావే! అది నన్ను ముంచుతోంది" అని మూలిగేది ముసలావిడ.

ఒక పొద్దున తావ్‌యే కేక విని పరిగెత్తాను. బాన పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఎదురుగా ఆ రోజు లోపల పడిపోయిన ఇనుప గరిటె. నల్లగా ఉండే గరిటె ఎర్రగా ఉంది, కాడ దాకా. రక్తంలో ముంచి తీసినట్టే ఉంది. నేను దగ్గరికి వెళ్ళలేకపోయాను.

"రక్తం చెల్లీ. దాని రక్తం" అంది తావ్‌యే.

నేను గరిటెని గడ్డితో తుడిచాను. పోలేదు. గోటితో గీకితే గోరు కింద ఎర్రటి మెరుపు వచ్చింది. మాకిద్దరికీ అది ఏమిటో తెలీదు, కానీ మంచిది కాదని మాత్రం తెలిసింది. లోపల ముసలావిడ వాంతి చేసుకుంటున్న చప్పుడు. పచ్చగా పడింది.

నేనే వెళ్ళి లియన్ వైద్యుణ్ణి పిలుచుకొచ్చాను. ఆయన పుస్తకాలు అంతకు వారం ముందే తగలబెట్టారు, గుమ్మం దాటాలంటేనే వణుకుతున్నాడు పాపం. పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళాలంటే బండి కావాలి, బండి ఇవ్వాల్సింది మా ఊరి ఉమ్మడి సేద్యపు దళానికి పెద్ద గెన్‌హు. ఆయన మాకు బావగారి వరస. ఆయనా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

లియన్ నాడి చూశాడు, నాలుక చూశాడు, పక్కనున్న గిన్నెలో పడిన వాంతి చూశాడు. 

"ఏం తింటోంది ఈవిడ?"

"అందరం తినేదే" అన్నాను నేను.

"అందరూ తినేదే అయితే అందరికీ రావాలి కదమ్మా. ఏదో విషం ఇది. ఏమిటో తెలియకుండా మందు వేస్తే ఆ మందుతోనే పోతుంది. బండి ఎక్కించినా దారిలోనే పోతుంది."

తావ్‌యే గోడకి ఆనుకుని ఉంది. వైద్యుడొక్కడే ఉంటే చెప్పేదేమో. గుమ్మంలో గెన్‌హు ఉన్నాడు, రోజూ బడికి వెళ్ళి ఆ పిల్లలకి ఊరి కబుర్లు అప్పజెప్పాల్సింది ఆయనే. చెబితే తన గతేమిటో ఆమెకి తెలుసు. బావిలో దూకిన ముసలాయన గుర్తొచ్చి ఉంటాడు. నేను ఆమె వంక చూసి తల అడ్డంగా ఊపాను. నిజం చెప్పాలంటే నేను వద్దనే అన్నాను.

ఆమె నన్ను చూడలేదు. అరుగు మీది ముసలావిడనే చూస్తోంది. పదేళ్ళుగా ఒక్క పూట కూడా తిట్టకుండా వదలని మనిషిని. తర్వాత బాన దగ్గరికి వెళ్ళి, చేతులు లోపల పెట్టి, పొట్టేలిని పైకి తీసింది. చిలుము కరిగిపోయి ఒక పక్క అది పసుపు బంగారంలా తళతళలాడుతోంది. ఒళ్ళంతా నీళ్ళు కారుతున్నాయి.

"ఇది ఇందులో ఉంది. నేనే పెట్టాను" అంది.

గెన్‌హు రెండు చేతులూ తలకి పెట్టుకున్నాడు. "తావ్‌యే! ఈ మాట నా చెవిన ఎందుకు వేశావే తల్లీ!"

లియన్ మాత్రం చటుక్కున లేచాడు. "కంచా! పులుపులోనా! రాగి చిలుమంతా కూరలోకి దిగిపోయింది. గుడ్లు తెండి, తెల్లసొన తాగించాలి. మేకపాలు ఎవరింట్లో ఉన్నాయి? పెసలు ఉడకేసి ఆ నీళ్ళు పడుతూ ఉండండి. ఆ బానలోది చుక్క కూడా ఎవరూ ముట్టుకోకండి!"

ముసలావిడ బతికింది. నాలుగైదు రోజులకి వాంతులు తగ్గాయి. గరిటెకి పట్టిన ఎరుపు కూడా రక్తం కాదు, ఆ రాగేనన్నాడు లియన్. గెన్‌హు ఒక రోజు ఆగాడు, ఒక రోజే. తర్వాత బడికి వెళ్ళి చెప్పేశాడు. "నాకూ పిల్లలున్నారు" అన్నాడు నాతో, నేను అడక్కుండానే.

కళ్ళంలో సభ పెట్టారు. ఎండ మండిపోతోంది. ఆరబోసిన మొక్కజొన్న కండెల మధ్య బెంచీ వేసి తావ్‌యేని ఎక్కించారు. పొట్టేలికి తాడు కట్టి ఆమె మెళ్ళో వేలాడదీశారు. తల పైకెత్తితే జుట్టు పట్టి వంచుతున్నారు. తాడు మెడలోకి దిగుతోంది. ఆమె కాళ్ళ వెంట తడి కారి బెంచీ మీద పడింది. నేను కళ్ళు దించుకున్నాను. ఊరంతా దించుకుంది.

"దీనికి దణ్ణం పెట్టడం ఎవరు నేర్పారు నీకు?" అని అరిచింది రెండు జడల పిల్ల. తనని ఈమె మోసం చేసిందని కసి.

"ఎవరూ నేర్పలేదు. నేనే పెట్టాను."

"అబద్ధం! ఇంట్లో ఇంకెవరున్నారు?"

"నేనే" అంది తావ్‌యే. గాలి కూడా సరిగ్గా ఆడటం లేదు. "నేనే."

అప్పుడు వెనక నుంచి వినబడింది ఆ గొంతు. దౌ అత్త. కర్ర పట్టుకుని, అడుగడుక్కీ ఆగుతూ కళ్ళంలోకి వస్తోంది. 

"దానికేం తెలుసు దణ్ణాల సంగతి! కూర పులవబెట్టడమే చేతకాదు దానికి! దణ్ణం పెట్టింది నేను. రొట్టె పెట్టింది నేను. నన్నెక్కించండి బెంచీ!"

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. ఒక కుర్రాడికి ఒళ్ళు మండి ముసలావిణ్ణి భుజం పట్టి తోశాడు. ఆవిడ కండెల మీద వెల్లకిలా పడింది. అప్పుడు మా ఊరు కదిలింది. "ముసలిదాన్ని తోస్తావా? తాతల నాటి నుంచి కూలీ నాలీ చేసుకుని బతికినవాళ్ళు వాళ్ళు, భూస్వాములు కాదు!" అని ఎవరో కేకేశారు. ఇంకో ఇద్దరు లేచి నిలబడ్డారు. ఆ పిల్లలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. వాళ్ళకీ భయమేసిందని అప్పుడు తెలిసింది నాకు.

కోపం పొట్టేలి మీదికి తిరిగింది. తాడు కోసి దాన్ని రాతి రోలు మీద పెట్టి సమ్మెటతో కొట్టారు. మొదటి దెబ్బకి సమ్మెట ఎగిరి పక్కకి పోయింది. రెండోదానికి ఎడమ కొమ్ము విరిగి కండెల్లోకి ఎగిరిపోయింది. మూడోది ఎత్తుతుంటే గెన్‌హు అడ్డం వచ్చాడు.

"రాగి మీదా నాదా? ప్రభుత్వానిది! తూటాలకి రాగి కావాలంటూ రోజూ రేడియో మొత్తుకుంటోంది. ముక్కలు చేసి మట్టిలో కలిపేస్తే రేపు పైవాళ్ళకి జవాబు మీరు చెబుతారా, నేను చెప్పాలా?"

ఆ మాట వాళ్ళకి అర్థమైంది. పొట్టేలిని పాత లోహాల డిపోకి పంపేశారు. తావ్‌యేని బెంచీ మీంచి మేమే దింపాం.

ఆనకట్ట నుంచి మాన్‌త్సాంగ్ వచ్చి సంగతి విని, తట్టెడు మన్ను తవ్వి తెచ్చాడు. దాంతో వెనక గోడలోని గుంతని మెత్తేశాడు. ఆ చలికాలమంతా సాయంత్రం పూట దౌ అత్త కోడలిని ముందు కూర్చోబెట్టుకుని మెడకి వేడి ఆవనూనె రాసేది. రాస్తున్నంతసేపూ తిట్టేది. "కదలకే మొద్దూ! మెడా ఇది, మొక్కజొన్న దంటా?" ఆ తర్వాత అయిదేళ్ళు బతికింది ఆవిడ. పోయేముందు అన్నం కూడా తావ్‌యే చేత్తోనే తింది, వేరే ఎవరు పెట్టినా తినలేదు.

పదేళ్ళు దాటాక, ఒక వసంతంలో, భుజాన సంచులతో పట్నం నుంచి ఇద్దరు వచ్చారు. త్వాన్ వాళ్ళ గట్టు మీద కంచు పొట్టేలు దొరికిన ఇల్లు ఏదని అడిగారు. ఆ మాట చెవిన పడగానే తావ్‌యే చేతిలో చేట వదిలేసి గోధుమ చేలో పడి పరిగెత్తింది. నేను వెనకాలే వెళ్ళాను. గోధుమల మధ్య బోర్లా పడుకుని ఉంది.

"వచ్చారు చెల్లీ. మళ్ళీ వచ్చారు."

"వాళ్ళు కాదక్కా. మ్యూజియం వాళ్ళట. డిపోలో కరిగించకుండా ఎవరో తీసి దాచారట దాన్ని. మూడువేల ఏళ్ళ నాటిదట. ఎక్కడ దొరికిందో చూపిస్తే చాలంటున్నారు."

"నాకేం తెలీదని చెప్పు."

పొద్దు వాలేదాకా లేవలేదు. చివరికి మాన్‌త్సాంగే గోడ చూపించాడు. తవ్వితే ఇంకో రెండు పాత్రలు, విరిగిన రథం ముక్కలు బయటపడ్డాయి. ఇంటికి బదులు కింద రోడ్డు పక్కన పెంకుటిల్లు కట్టిచ్చారు. ఎర్రపూల బేసిను ఒకటి బహుమతిగా ఇచ్చారు. ఆ బేసిను ఆమె ఒక్కసారి కూడా వాడలేదు. ఎప్పుడైనా వచ్చి తిరిగి ఇమ్మంటారేమోనని గుడ్డలో చుట్టి ఉంచింది.

మ్యూజియం తెరిచాక మమ్మల్ని రమ్మని కబురు చేశారు. ఇద్దరం బస్సెక్కి వెళ్ళాం. అద్దం వెనక, దీపం వెలుగులో కూర్చుని ఉంది అది, తల వెనక్కి తిప్పి. కాపలావాడు మా వైపు రెండడుగులు వేశాడు, అంతే. తావ్‌యే తల దానంతట అదే కిందికి వంగిపోయింది, చేతులు వెనక్కి పోయాయి. ఆ రోజు బెంచీ మీద నిలబడ్డట్టే నిలబడింది. నేను ఆమెని పట్టుకుని బయటికి తీసుకొచ్చేశాను.

ఇంకోసారి వెళ్దామని ఆమే అడిగింది, చాలా ఏళ్ళ తర్వాత. అప్పటికి మాన్‌త్సాంగ్ లేడు, మాకిద్దరికీ జుట్టు నెరిసింది. ఈసారి ఆమె అద్దం దగ్గరిదాకా వెళ్ళింది. చూస్తూ ఉండగా బడిపిల్లలు బిలబిలమని వచ్చారు, మెళ్ళో ఎర్ర రుమాళ్ళతో. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

"టీచర్, దీని ఇంకో కొమ్ము ఏదీ?" అని అడిగిందొక పిల్ల.

"ఏమో అమ్మా. దొరకలేదట" అంది టీచరు.

"మా కళ్ళంలో విరగ్గొట్టారు" అంది తావ్‌యే.

పిల్లలంతా తిరిగి చూశారు. ఆమె ఆపలేదు. "సమ్మెటతో. నా మెళ్ళో కట్టి నిలబెట్టి, ఆ తర్వాత విరగ్గొట్టారు. నేనక్కడే ఉన్నాను."

ఆ పిల్ల దగ్గరికొచ్చింది. "ఇంత బరువా? నొప్పెట్టిందా అవ్వా?"

తావ్‌యే ఆ పిల్ల వైపు తిరిగింది. "పెట్టిందమ్మా" అంది.

తిరుగు బస్సులో ఊరొచ్చాం. దిగి, రోడ్డు దాటి, వాళ్ళ గుమ్మం ముందుకొచ్చాక ఆగింది తావ్‌యే.

"నేను మరీ గట్టిగా మాట్లాడానా చెల్లీ? ఎవరైనా విన్నారంటావా?"

"పిల్లలు విన్నారక్కా, అంతే" అన్నాను. "పద లోపలికి, చలిగాలి వేస్తోంది."